భుజం పట్టీలు

“ఇది ఆర్మీ కొండ దళం వాళ్ళ సంచి సార్. ఈ ఇత్తడి బకిల్ చూడండి, మా నాన్న పుట్టకముందుది,” అన్నాడాయన మురిసిపోతూ. పాత మిలిటరీ సంచులు ఎక్కడున్నా వెతికి తెచ్చి, చిరుగులు కుట్టి, మైనం రుద్ది గోడ నిండా వేలాడదీయడం ఆయనకు పిచ్చి. వాటిని చూడడానికి ఒక ఆర్మీ ఆఫీసరు ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

ఆఫీసరు బకిల్ వంక చూడలేదు. “తూటాలు నింపితే ఎంత బరువు ఆపుతుంది?”

“ఇప్పుడెవరు మోస్తారు సార్ వీటిని?” ఆయన నవ్వాడు.

ఆఫీసరు నవ్వలేదు. “భుజం పట్టీలు పొట్టి చెయ్యగలరా? అన్నిటికీ.”

“ఎంత పొట్టి?”

మంచినీళ్ళు తెచ్చిన కూతురి మీద ఆఫీసరు చూపు ఆగింది. “ఏం చదువుతున్నావమ్మా?”

“తొమ్మిదో తరగతి.”

“ఈ అమ్మాయికి సరిపోయేంత,” అన్నాడు ఆయనతో.

ఆయన కూతురి చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. “నువ్వు లోపలికెళ్ళమ్మా,” అన్నాడు ముందు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, “అన్నీ చివికిపోయిన గుడ్డలు సార్. చూసుకోడానికే. బరువు పెడితే పర్రున చిరిగిపోతాయి,” అన్నాడు.

ఆఫీసరు గోడ మీది సంచి తీసి, పట్టీని రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. ఒక్క పోగైనా ఊడలేదు.

“బాగా కుట్టారు,” అన్నాడు.