మూడో వైరు

"ఇంజన్ ఆపొద్దురా. ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకి చూడు. పీకినా శబ్దం మారలేదంటే ఆ సిలిండరే చచ్చినట్టు," అన్నాడు ఉస్మాన్, జకరయ్య పాత పెట్రోల్ ట్రాక్టర్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి.

ఇంజన్ మిస్సింగ్‌ను చెవితోనే పట్టే మెకానిక్కని ఆళ్లగడ్డలో ఉస్మాన్‌కు పేరు.

శిష్యుడు ముబారక్ మొదటి వైరు పీకాడు. బానెట్ మరింత అదిరింది. రెండోది పీకినా అంతే. మూడోది పీకినప్పుడు అరచేతికి ఏ తేడా తెలియలేదు.

"మూడోది," అన్నాడు ఉస్మాన్.

"ఏం చెవులప్పా నీవి!" జకరయ్య మురిసిపోయాడు.

ముబారక్ ఇంజన్ ఆపి వచ్చి ఉస్మాన్‌కు ఎదురుగా నిలబడ్డాడు.

"ప్లగ్గు మార్చల్లా, వైరు మార్చల్లా ఉస్తాద్?"

"ముందు ప్లగ్గు మార్చు."

జకరయ్య ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎందుకో ఉస్మాన్‌కు అర్థం కాలేదు.

"చూసినావా అన్నా?" ముబారక్ జకరయ్య వైపు తిరిగాడు. "నేను గొంతే తియ్యలేదు. ఉత్తగా పెదాలు ఆడించినా. ఉస్తాద్‌కు చెవులు పోయి శానా దినాలైంది. మన పెదాలు చూసి జవాబు చెప్తాండాడు. బండి చాగలమర్రికి తోలుకురా, నా కొత్త షెడ్డుకు."

ఆ మాటలను కూడా ఉస్మాన్ పక్కనుంచి వాడి పెదాల మీదే చదువుకున్నాడు.

"నేను చెప్పింది తప్పా? మూడోదే గదా జకరయ్యా! ప్లగ్గు తీసి చూడు!" అని అరిచాడు.

జకరయ్య ముబారక్ దగ్గరికి జరిగాడు. ఏదో అడగబోయి, ఉస్మాన్ వైపు ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.