మంత్రసాని ప్రమాణం

పెరీనె గడప దాటి లోపలికి వస్తే చాలు, మైకెన్‌కి గుండెల్లో దడ మొదలయ్యేది.

మంచి మంత్రసానే. కోర్ట్రెయిక్ ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. కానీ ఆ ఊళ్ళో మంత్రసాని కావాలంటే ముందు చర్చిలో ప్రమాణం చేయాలి. జ్ఞానస్నానం చేయించని పసిబిడ్డ ఏ ఇంట్లో ఉన్నా ఫాదరు గారి చెవిన వేయాలి. దాచితే ఆ తల్లిదండ్రులతో పాటు ఆమెకీ శిక్షే.

మైకెన్ ఇంట్లో సారా పుట్టి వారం దాటింది. బిడ్డకి ఇంకా చర్చి మొహం చూపించలేదు.

చూపించరు కూడా. మైకెన్, ఆమె మొగుడు యోస్ కొత్త నమ్మకం వాళ్ళు. ఊహ తెలియని పసిగుడ్డు నెత్తిన నీళ్ళు పోస్తే అది జ్ఞానస్నానం కాదని, పెరిగి పెద్దయ్యాక తన నోటితో తానే అడగాలని వాళ్ళ పట్టుదల. ఆ మాటకే మైకెన్ అన్నని పోయినేడు సంతలో నిలబెట్టి కాల్చేశారు. నీ కొడుక్కి నీళ్ళు పోయిస్తే వదిలేస్తామన్నారు. పోయించనన్నాడు మహానుభావుడు. మగవాళ్ళకైతే మంట. ఆడవాళ్ళనైతే గోనెసంచీలో కట్టి నదిలో పడేస్తారు.

సారా పుట్టినప్పుడు పురుడు కష్టమైంది. బిడ్డ బయటపడగానే మైకెన్ స్పృహ తప్పింది. యోస్‌ని పెరీనె ఎప్పుడో గదిలోంచి బయటికి తరిమేసింది. మైకెన్‌కి తెలివొచ్చేసరికి పెరీనె పొయ్యి దగ్గర కూర్చుని బిడ్డ తల తుడుస్తోంది.

"అత్తా, చర్చిలో చెప్పకు. మా సంగతి నీకు తెలుసుగా," అని మైకెన్ ఆమె చేతులు పట్టుకుంది.

"బాలింతవి, నీకెందుకే ఈ గోలంతా? నోరు మూసుకుని గంజి తాగు," అంది పెరీనె.

చెబుతానని గానీ చెప్పనని గానీ అనలేదు.

అప్పట్నించీ రోజూ వస్తోంది. బిడ్డకి నూనె రాస్తుంది, గుడ్డ చుడుతుంది. "ఏమే మార్గ్రీతా, రాత్రి మీ అమ్మని పడుకోనిచ్చావా?" అంటూ కబుర్లాడుతుంది. "దాని పేరు సారా, అత్తా," అని మైకెన్ అంటే వినదు. మార్గ్రీతంటే పురిటి మంచాల్ని కాపాడే పునీత. ఈ ముసలమ్మకి పుట్టిన ప్రతి ఆడపిల్లా మార్గ్రీతే కాబోలు అనుకుని మైకెన్ ఊరుకుంది.

పడవ దొరకగానే ఊరు వదిలేద్దామని యోస్ తిరుగుతున్నాడు. పడవకన్నా ముందు ఫాదరు గారు వచ్చారు, ఇద్దరు భటుల్ని వెంటేసుకుని.

"బిడ్డ పుట్టిందటగా, యోస్? చర్చికి దారి మర్చిపోయినట్టున్నావు."

యోస్‌కి అబద్ధం చెప్పే అలవాటు లేదు. నిజం చెబితే బతుకు లేదు. ఒక భటుడు కర్రతో ఉయ్యాల్ని కదిపాడు. ఖాళీగా ఊగింది. బిడ్డ పెరీనె చేతుల్లో ఉంది.

ఫాదరు గారు ఆమె వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. దీనికి జ్ఞానస్నానం అయిందా?"

"అయింది ఫాదర్."

"ఎవరు చేశారు?"

"నేనే. పేగు మెడకి చుట్టుకుని నీలంగా పుట్టింది. దక్కదనుకున్నాను. అలాంటప్పుడు మంత్రసాని నీళ్ళు పోయొచ్చని మీరే కదా నేర్పారు? పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున పోశాను."

"పేరు?"

"మార్గ్రీత్."

ఫాదరు గారు మెడలో సిలువ తీసి ముందుకు చాచారు. "దీని మీద చెయ్యేసి చెప్పు. అబద్ధమైతే ఈమెతో పాటు నువ్వూ నదిలోకే."

పెరీనె చెయ్యి వేసింది. అదే మాట మళ్ళీ చెప్పింది.

"ఆదివారం తీసుకురండి, తైలం పూసి మిగతా తంతు పూర్తి చేయాలి," అని గొణిగి ఆయన వెళ్ళిపోయారు. భటులూ వెనకే పోయారు.

మైకెన్ మంచం దిగి ముసలమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. ఏడుపు ఆగడం లేదు. "మా కోసం సిలువ మీద చెయ్యేసి అబద్ధమాడావా అత్తా? మా అన్న ఏ మాట కోసం కాలిపోయాడో, ఆ మాట నిలబెట్టావు. నీ రుణం ఎలా తీర్చుకోను?"

పెరీనె ఆమెని లేవదీసి, బిడ్డని ఒళ్ళో పెట్టి, శాలువా కప్పుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"పిచ్చి మొహమా," అంది వెనక్కి తిరిగి, "సిలువ మీద చెయ్యేసి నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదే."