గడపకు పసుపు

"లడ్డూ పొడి పెట్టొద్దని చెప్పానా అత్తయ్యా? తిని తిని చీమలు కదలడం మానేశాయి," అంది హిమజ.

"తిండెక్కువై ఇల్లు మారనివాళ్లను నేనెక్కడా చూళ్లేదు. నీ ఫోను లైటుకే బెదిరాయి," అంది వర్ధనమ్మ.

ఈ వాదన పొద్దుటి నుంచీ సాగుతోంది. నేలమీద చీమలు అంతరించాక, ప్రయోగశాలలో మిగిలినవాటిని పెంచి తోటల్లో వదలమని ప్రభుత్వం ఇంటింటికీ ఒక రాణిచీమను గాజుగొట్టంలో ఇచ్చింది. వీళ్ల రాణికి నాలుగు పిల్లలు పుట్టేసరికి గొట్టంలో బూజు పట్టింది. ఇవాళ గొట్టం చివర అమర్చిన మట్టిగూటిలోకి మారకపోతే రాణి దక్కదు.

వర్ధనమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. ఒక చీమ గూటి గుమ్మం దాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి పోయింది. గుమ్మం పచ్చగా ఉంది. గృహప్రవేశమని నిన్న తనే అగ్గిపుల్లతో పసుపు రాసి బొట్టు పెట్టింది. చిన్నప్పుడు వాళ్లమ్మ చీమలు రాకుండా బెల్లం డబ్బా చుట్టూ పసుపే చల్లేది. చీమలే లేని ఇన్నేళ్లలో ఆ సంగతి మరిచిపోయింది.

"పిలిచి తలుపేసింది నేనేనే!" అంటూ తడిగుడ్డతో తుడిచి, చిటికెడు బియ్యప్పిండితో ముగ్గు గీసింది. హిమజ నవ్వి లైటు ఆర్పింది. కాసేపటికి ఒక చీమ ముగ్గు దాటింది. గుడ్లు నోట కరచుకుని మిగతావి, వాటి వెనక రాణి.

భోజనాల దగ్గర వర్ధనమ్మ అందరికీ వడ్డిస్తూ మెల్లగా చెప్పింది: "ఇకనుంచి మన గడపకు పసుపు లేదు."

"పండక్కి కూడానా అమ్మా?" అన్నాడు కొడుకు శ్రీకర్.

"పండక్కి కూడా. తోటలో వదిలాక ఎప్పుడైనా మనింటికి రాబుద్ధయితే, పాపం, గడప దగ్గరే ఆగిపోకూడదు."