బస్సు టికెట్లు

"ఎవడు వాడు?"

ప్రూఫు కాగితాల కట్ట వంటగట్టు మీద దబ్బున పడింది. ఉల్లిపాయలు తరుగుతున్న రచయిత్రి తలెత్తలేదు.

"ఎవడంటే?"

"తెలీనట్టు అడక్కు. దువ్వెనతో కిటికీ ఊచ మీద రెండుసార్లు కొట్టేవాడు. నీ నవల్లో చచ్చినవాడు."

"దెయ్యం. దెయ్యాల ప్రేమకథ కావాలని పబ్లిషరు అడిగాడు. రాశాను."

ఆమె భర్త ప్రూఫ్‌రీడరు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకటే ప్రెస్సు. భార్య రాసిన తొమ్మిది నవలలూ అతని చేతి మీదుగానే అచ్చుకెళ్లాయి. లైను కింద స్కేలు పెట్టుకుని ఒక్కో అక్షరమే చూస్తాడు. కథలో పడితే తప్పులు జారిపోతాయని కొత్తగా చేరినవాళ్లకి చెబుతాడు. ఎర్రకలంతో దిద్దడమే తప్ప జన్మలో ఒక లైను రాసి ఎరగనంటాడు. ఎనిమిది నవలల్లో కథేమిటో అతనికి ఇప్పటికీ తెలీదు.

తొమ్మిదోదాన్ని పక్క సీట్లో టైపు చేసే ఆవిడ చదివింది. "ఇంట్లో ఇంత ప్రేమ పెట్టుకుని ఆఫీసులో ఆ మొహమేంటండీ గురువుగారూ?" అని నలుగురిలో నవ్వింది. ఆరోజు అతను స్కేలు పక్కన పెట్టి మొదటిసారి కథ చదివాడు. చదివినకొద్దీ ఒళ్లు మండింది.

నవల్లో ఒక ఇల్లు. అందులో ఒక ఇల్లాలు. ఆమె దగ్గరికి రెండు దెయ్యాలు వస్తాయి. పొద్దునపూట కిటికీ దగ్గరికి వచ్చేవాడు చనిపోయిన ప్రేమికుడు. బస్సు టికెట్ల వెనక ఉత్తరాలు రాసి ఊచల సందులోంచి పడేస్తాడు. రోడ్డు మీద నడిస్తే బళ్లు వచ్చేవైపు తను ఉంటాడు. నారింజ తొనలకి పీచు తీసి చేతిలో పెడతాడు.

రెండోది సాయంత్రం ఆరున్నరకి మెట్లెక్కి వస్తుంది. దానికి పేరు లేదు. 'అది', అంతే. చెప్పుల చప్పుడు వినగానే ఇల్లాలు టీవీ కట్టేస్తుంది. కూతురు నవ్వు ఆపేస్తుంది. సంచీ ఎంత గట్టిగా కిందపడిందో విని, ఆ పూట ఎలా గడుస్తుందో తల్లీకూతుళ్లు లెక్కేసుకుంటారు.

"ఆ 'అది' ఉందే, దాన్ని బాగా రాశావు," అన్నాడు. "చదువుతుంటే నాకే వెన్నులో చలి పుట్టింది. ఆ ఒక్కటీ చాలుగా? మధ్యలో ఈ నారింజ తొనల వెధవ దేనికి?"

"వాడు లేకపోతే ఆమె ఆ ఇంట్లో ఇంకా ఎందుకుందో చదివేవాళ్లకి అర్థం కాదు."

"కట్టుకథ అని నాకు చెప్పకు. దువ్వెన, టికెట్లు, పీచు! ఇవి ఊహించి రాసేవి కావు. చూసి రాశావు."

"అవును. ఇద్దర్నీ చూసే రాశాను."

'ఇద్దర్నీ' అన్నది అతని చెవికెక్కలేదు. గట్టు మీద పిడికిలితో గుద్దాడు. గ్లాసు దొర్లి కిందపడింది. లోపలి గదిలో ఫోన్లో మాట్లాడుతున్న కూతురి గొంతు ఆగిపోయింది.

అతని ఫోను మోగింది. పబ్లిషరు.

"ప్రూఫులన్నీ మీ దగ్గరే ఉండిపోయాయటగా? పన్నెండింటికి మెషీనెక్కాలండీ!"

"రాదు," అని పెట్టేశాడు. జేబులోంచి ఎర్రకలం తీశాడు. "వాడి పేరు చెప్తావా, వాడు కనబడ్డ ప్రతి పేజీ కొట్టెయ్యనా? రెండిట్లో ఒకటి తేలకుండా నీ నవల ఈ గడప దాటదు."

రెండేళ్లు రాసిన నవల. ఆమె కత్తి కింద పెట్టింది.

"కొట్టెయ్యండి. మీకది కొత్తా?"

"మాటలు తిప్పకు. ఉన్నాడా వాడు?"

"పోయాడు."

"ఎప్పుడు?"

"తారీఖు తెలీదు. ఒక్కరోజులో పోలేదు."

"రోగమా?"

"ఏమో. ఎవరూ పేరు పెట్టలేదు."

"బాగా ఏడ్చుంటావు."

"పోయాడని కబురు చెప్పేవాళ్లుంటేగా, ఏడవడానికి!"

ఆమె గొంతు అంతలా లేవడం అతనెప్పుడూ వినలేదు. దాంతో ఇంకా మండింది. బతికున్నవాడైతే వెళ్లి కాలరు పట్టుకోవచ్చు. పోయినవాణ్ణి ఏం చేస్తాడు?

"ఆ టికెట్లు దాచుకున్నావా?"

"దాచుకున్నాను."

"ఈ ఇంట్లోనే?"

"మరెక్కడ దాస్తాను?"

"సిగ్గులేదూ? నా కప్పు కింద, నా నెత్తి మీద!"

ఆమె స్టూలు లాక్కుని ఎక్కింది. అటక మీద పాత పరుపుల వెనక చెయ్యిపెట్టి బిస్కెట్ల డబ్బా దించింది. కొంగుతో దుమ్ము తుడిచి అతని ముందు పెట్టింది.

"ఇదిగో మీ రుజువు. స్కేలు పెట్టి చూడకండి. ఈసారైనా చదవండి."

మూత బిగుసుకుపోయింది. కత్తి మొనతో ఎత్తాడు. దారంతో కట్టిన టికెట్లు, వందకి తక్కువుండవు. ఇప్పుడు తిరగని రూటు నంబర్లు.

చదవడమేంటి, కట్టకి కట్ట చింపి ఆమె మొహాన కొట్టాలనుకున్నాడు. దారం తెంపాడు. పైదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

చింపేముందు ఆ వెధవ పేరైనా తెలుస్తుందని వెనక్కి తిప్పితే, ఎర్రసిరాతో నాలుగు లైన్లు, కింద తన సంతకమే.