మూడో పిలుపు

వారపత్రిక సీరియల్లో మంజువాణిని సముద్రంలో ముంచి చంపేశారు. కళింగపట్నంలో కిరాణాకొట్టు నరసింగరావు పెళ్లాం తాయారుకి ఆ రోజు అన్నం సయించలేదు. చివరికి తనే కలం పట్టింది. మంజువాణి చావలేదని, ఒడ్డుకి కొట్టుకొచ్చి రాత్రివేళ స్నేహితురాలి తలుపు తట్టిందని రాసింది. ఆ స్నేహితురాలికి ముచ్చటపడి తన పేరే పెట్టుకుంది. వచ్చింది మనిషేనని చదివేవాళ్లు నమ్మాలిగా! అందుకని మంజువాణి చేత మూడుసార్లు పిలిపించింది.

ఇవాళే అది పత్రికలో అచ్చయి వచ్చింది. మొగుడూ అత్తా శ్రీకాకుళంలో పెళ్లికెళ్లారు. లాంతరు ముందు కూర్చుని తన కథ తనే మళ్లీ మళ్లీ చదువుకుంటోంది.

"తాయారూ!"

వీధిలో ఎవరో ఆడమనిషి. తాయారు పలకలేదు. వెళ్తూ వెళ్తూ అత్త దేముడమ్మ మరీమరీ చెప్పింది: "రేత్రి ఎవులు పిలిసినా మూడోసారి దాకా పలక్కే. దెయ్యం మూడోసారి పిలవదు."

"ఒసే తాయారూ, సలేస్తన్నాదే. తలుపు తియ్యే."

మే నెల. ఉక్కకి ఒళ్లంతా చెమటలు కారుతున్నాయి. చలేమిటి?

చాలాసేపు సముద్రపు హోరు తప్ప ఏమీ వినపడలేదు.

"తాయారూ!"

అమ్మయ్య, మనిషే! ఒక్క పరుగున వెళ్లి గడియ తీసింది.

కాళ్లకి చల్లగా తగిలింది. తలుపు కిందనుంచి ఉప్పునీళ్లు లోపలికి పారుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మంజువాణికి మూడోసారి పిలవడం నేర్పింది తనే.

తలుపు మెల్లగా లోపలికి కదిలింది.