మెట్లు లేని మెడ

తప్పు స్వరాన్ని వాయిద్యాలే దిద్దుకునే రోజులవి. బొబ్బిలి వీణల్లో కూడా దిద్దుబాటు బిళ్ళ ఉండేది. సంగీతం నేర్చుకుంటున్న చిన్నపిల్ల నీలవేణి మాత్రం ఆ బిళ్ళ లేకుండా, స్వరస్థానాలు చూపే మెట్లు కూడా లేని బేస్ గిటార్ కావాలంది.

బొబ్బిలిలో వీణలు చేసే సింహాద్రి తన కార్ఖానాలో పనసచెక్కతో దాని మెడ చెక్కాడు. అలవాటు కొద్దీ మెట్లు నిలపడానికి మైనం కూడా పరిచేశాడు. వైజాగ్‌లో గిటార్లు చేసే రోజలిన్ అక్కడికి వచ్చి, నవ్వుతూ ఆ మైనం గీకేసి, తీగలు బిగించింది.

నీలవేణి వచ్చి వాయించింది. ప్రతి స్వరమూ శుద్ధంగా పలికింది. ఆమె ముఖం వాడిపోయింది.

సింహాద్రి రోజలిన్ వైపు చూశాడు. "బిళ్ళ ఎట్టీసేవేటమ్మా?"

"అందరి ముందూ తప్పు పలికితే పాప నామోషీ పడుతుందని, బాబాయ్."

రోజలిన్ బిళ్ళ ఊడదీసింది. నీలవేణి మళ్ళీ మీటింది; ఈసారి స్వరం వంకరగా మోగింది. చుట్టూ ఉలి దెబ్బలు ఆగిపోయాయి. రోజలిన్ చేయి మళ్ళీ బిళ్ళ వైపు వెళ్ళింది.

"ఒగ్గీ. ఎతుక్కోనీ," అన్నాడు సింహాద్రి.

నీలవేణి వేలు తీగ మీద వెంట్రుకవాసి జరిగింది. స్వరం కుదిరింది.

"ఇది నేను పలికించిందేనా, తాతా?"

సింహాద్రి ఆమె వేలిని తీగ మీంచి ఎత్తి, "మళ్ళీ ఎతుకు," అన్నాడు.