పరదేశి కట్టని మెయింటెనెన్సు

“అయితే నీళ్లు ఆపీమంటావా బావా?” గుమ్మంలో నిలబడే అడిగాడు అపార్టుమెంటు ప్రెసిడెంటు ధనరాజు.

“ఆపీ,” అన్నాడు పరదేశి, పేపర్లోంచి తలెత్తకుండా.

పరదేశికి అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టుంది. డబ్బుకి లోటు లేదు. వినాయక చవితి చందా అందరికంటే ముందు ఇస్తాడు. మెయింటెనెన్సు అనేసరికి మాత్రం, మహానుభావుడి చెయ్యి జేబులోకి పోదు. కొత్త లిఫ్టు మోటారుకి ఇంటింటికీ వేసిన సొమ్మూ అంతే. ఆర్నెల్లుగా కింద నోటీసు బోర్డు మీద, ‘బాకీ ఉన్నవారికి ఓటు లేదు, పదవి లేదు’ అన్న రూలు కింద, ఆయన పేరొక్కటే వేలాడుతోంది.

వంటింట్లోంచి భార్య నూకరత్నం వచ్చింది. “రేపు నూకాలమ్మ జాతరకి మాడుగుల్నించి మా అన్నయ్యోళ్లు వత్తన్నారు. కుళాయిలో నీళ్లుండవు, కింద బోర్డు మీద మన పేరు! సిగ్గుతో సచ్చిపోతన్నాను. కట్టీండి, మీకు దణ్ణవెడతాను.”

“నేను లిఫ్టెక్కను. మెట్లే దిగుతాను.”

“ఎక్కినా ఎక్కకపోయినా కట్టాలి బావా. రూలు రూలే.”

“కట్టను. ఏటి సేత్తావో సేసుకో.”

ఇంతలో పై అంతస్తు గంగాభవాని మెట్ల మీంచి కేకేసింది. “పెసిడెంటుగారూ! మా బాత్రూం పైపు పొద్దున్నించీ కారతంది. మీకు సీమ కుట్టినట్టయినా లేదేటండీ?”

“వత్తన్నానమ్మా,” అని ధనరాజు నుదురు తుడుచుకున్నాడు. తర్వాత లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నాడు.

“పోన్లే బావా. పండగ పూట ఆడకూతురు ఏడవడం నేను సూళ్లేను. నీ బాకీ నేను కట్టేత్తాను.”

పరదేశి చేతిలో పేపరు జారిపోయింది. “వద్దు బావా!”

“నాకు తిరిగియ్యక్కర్లేదు.”

“వద్దంటన్నానా! నీ డబ్బు నాకొద్దు!” పరదేశి ఒక్క ఉదుటున లేచి ధనరాజు చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే ధనరాజు రెండో చేతిలో ఫోను టింగుమంది. సొమ్ము అసోసియేషన్ ఖాతాలో పడిపోయింది.

నూకరత్నం కళ్లొత్తుకుంది. “నువ్వు దేవుడివన్నయ్యా. మా ఆయన మొండోడే గానీ మనసు మంచిది. ఒకరి సొమ్ము తినడవంటే పడదు.”

పరదేశి కుర్చీలో కూలబడ్డాడు. “ఎంత పని సేసేవు బావా,” అన్నాడు, ఏడుపు గొంతుతో.

“కాఫీ కలుపుతానుండన్నయ్యా,” అని నూకరత్నం లోపలికి వెళ్లింది.

పైనించి గంగాభవాని మళ్లీ కేకలు మొదలెట్టింది. ధనరాజు కదల్లేదు. కాళ్లు బార్లా చాపుకుని, చాలా కాలానికి హాయిగా నవ్వాడు.

“బాకీ తీరిపోయింది గదా, రూలు పెకారం ఇంక పెసిడెంటు వంతు నీదే బావా.”